టర్బో పెడితే కంప్రెషన్ ఎందుకు తగ్గాలె? 1905 నుంచి మన సనాయ్య దాకా

పోయిన శుక్రవారం పోస్టు కింద చాలామంది అడిగిన్రు, "1హెచ్‌జెడ్ ఇంజన్‌కు టర్బో పెడితే ఏమైతది?" అని. ఒక్క ముక్కల చెప్పేది కాదు. పెద్ద పోస్టే, చాయ్ పెట్టుకొని చదవండి.

మా రూముల ఉండే ఒక తమ్ముడు కిందటి ఎండకాలం ఇదే పని చేసిండు. చేసిండు అంటే చేయించిన్రు. పాత ల్యాండ్ క్రూజర్, 4.2 లీటర్ డీజిల్, టర్బో లేని బండి. గిరాకీ కిట్ తెచ్చిండు, ఫోర్‌మన్ బిగించుమన్నడు, తమ్ముడు బిగించిండు. రెండు వారాలు ఇసుకల గుర్రం లెక్క ఉరికింది. మూడో వారం హెడ్ పగిలింది, ఒక పిస్టన్ కరిగింది. ఫిట్టింగ్ తప్పని తేల్చి మూడు నెలలు జీతంల కోసిన్రు. విప్పి చూస్తే ఒక్క బోల్టు కూడా లూజు లేదు. తప్పు లెక్కల ఉంది. ఆ లెక్క వందేండ్ల పాతది.

స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో టర్బోకు పేటెంట్ తీసుకున్నడు. సైలెన్సర్ నుంచి ఊరికే పోతున్న వేడి గాలితోనే ఒక చక్రం తిప్పి, ఆ చక్రంతో ఇంజన్‌లకు గాలి నూకాలన్నది ఆయన ఆలోచన. అది నిజంగ పనిచేసేసరికి ఇరవై ఏండ్లు పట్టింది. 1920ల నడుమ జర్మన్ ఓడల్లోని పది సిలిండర్ల డీజిల్ ఇంజన్లు టర్బోతో 1750 నుంచి 2500 హార్స్ పవర్‌కు పోయినయి.

ఇగ అసలు లెక్క. కంప్రెషన్ రేషియో 22.4 అంటే, పిస్టన్ కింద ఉన్నప్పుడు 22.4 వంతుల జాగాల ఉన్న గాలిని, పైకి పోయినప్పుడు ఒక్క వంతుల కుక్కుతది. బుక్కుల రాసేది ఇదే. కానీ ఆ లెక్కల గాలి మామూలు గాలి. టర్బో అర బార్ బూస్ట్ ఇచ్చిందంటే, సిలిండర్‌లకు వచ్చేటప్పుడే గాలి దగ్గరదగ్గర ఒకటిన్నర రెట్ల ఒత్తిడితో వస్తది. దాన్ని మళ్ల 22.4 రెట్లు నొక్కుతం. బుక్కుల నంబరు మారలే, హెడ్ మీద పడే దెబ్బ మాత్రం ఒకటిన్నర రెట్లయింది.

అందుకే బూస్ట్ ఇచ్చినోళ్లు మొదటినుంచి రేషియో దించుకుంటనే వచ్చిన్రు. 1950ల చివర ఇక్కడి జెబెల్ అఖ్దర్ యుద్ధంల బ్రిటిష్ షాకిల్టన్ విమానాలు ఆ కొండ మీద బాంబులేసినయి. వాటిల ఉన్నది గ్రిఫన్ ఇంజన్. సూపర్‌చార్జర్ ఉంది కాబట్టి కంప్రెషన్ 6 దగ్గరనే ఆపిన్రు. పెట్రోల్ ఇంజన్‌ల ఎక్కువ నొక్కితే ప్లగ్గు నిప్పు పెట్టకముందే, లేకుంటే మంట అంతటా పాకకముందే మిగిలిన పెట్రోల్ దానంతటదే పేలుతది. మనం నాకింగ్ అంటం కదా, అదే.

1962లో అమెరికాల ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారు వచ్చింది. టర్బో పెట్టి కూడా రేషియో 10.25 ఉంచిన్రు. నాకింగ్ ఆపనీకి నీళ్లు, మెథనాల్ కలిపిన మందు ఒక ట్యాంకుల పోసి చిమ్మించిన్రు. ఓనర్లు ఆ ట్యాంకు నింపుడు మర్చిపోయిన్రు. చివరికి కంపెనీయే చాలా కార్లకు టర్బోలు పీకేసింది. సాబ్ వాళ్లు 1970ల చివర 99 టర్బోకు 7.2కు దించిన్రు. బండి బతికింది, కానీ బూస్ట్ ఎక్కేదాక ఈడ్చుకుంట పోయేది. రేషియో దించుడు ఫ్రీగా రాదు.

డీజిల్ కథ వేరే. అందుల నొక్కేది ఉత్త గాలి, నాకింగ్ భయం లేదు. కానీ ఒత్తిడి, వేడి హెడ్‌నే తింటయి. టొయోటా వాళ్లు 1990ల ఒకే 4.2 లీటర్‌ల రెండు ఇంజన్లు ఇచ్చిన్రు. టర్బో లేని 1హెచ్‌జెడ్‌కు 22.4, టర్బో ఉన్న 1హెచ్‌డి-టీకి 18.6. మొదటిదాంట్ల డీజిల్ ముందు పక్కనున్న చిన్న గదిల మండుతది. ఆ గది గోడలు వేడి గుంజుకుంటయి కాబట్టి, పొద్దున స్టార్ట్ కావాలంటే అంత రేషియో ఉండాలె. రెండోది డైరెక్ట్ ఇంజెక్షన్, అంత అక్కర లేదు. అంటే కంపెనీ టర్బో బిగించి ఊకోలే, పిస్టన్, హెడ్ అన్నీ మార్చింది. మన గిరాకీ రెండొందల రియాళ్ల కిట్ తెచ్చి అదే పని అయితదంటడు. హెడ్ గాస్కెట్ మందంది వేస్తే సరిపోతదని కొందరు అంటరు. మా అనుభవంల అది పుండు మీద బట్ట కప్పుడే.

దీనిమీద ఒమన్ ఎండ. 2018 జూన్ 26న ఖురయాత్‌ల రాత్రి కూడా వేడి 42.6 డిగ్రీల కిందికి దిగలే. అసలే అంత వేడి గాలి, టర్బో నొక్కితే ఇంకా కాగుతది. ఇంటర్‌కూలర్ లేకుండ ఆ గాలి నేరుగా సిలిండర్‌లకు పోతది. తమ్ముడు బిగించిన కిట్‌ల ఇంటర్‌కూలర్ లేదు.

ఇప్పటి బండ్లు చూసి మోసపోవద్దు. 2021 నుంచి వస్తున్న ల్యాండ్ క్రూజర్ 300 ట్విన్ టర్బో పెట్రోల్‌కు రేషియో పదికి పైనే. నాక్ సెన్సార్, డైరెక్ట్ ఇంజెక్షన్, కంప్యూటర్ కలిసి కాపాడుతున్నయి. డీజిల్‌ల మాత్రం ఇంకా దిగింది, హైలక్స్ 2.8కు 15.6.

ఇప్పుడు మా దగ్గర ఎవరన్న 1హెచ్‌జెడ్‌కు టర్బో అడిగితే, మాన్యువల్‌ల ఆ 22.4 ఉన్న పేజీ ఫోన్‌ల చూపిస్తున్నం. అయినా కావాలంటే జాబ్ కార్డు మీద "ఇంటర్‌కూలర్ లేదు, పిస్టన్ మార్చలేదు, గిరాకీ కోరిక" అని అరబ్బీల రాయించి, గిరాకీతోని, ఫోర్‌మన్‌తోని సంతకం పెట్టిచ్చుకుంటున్నం. ఆ అరబ్బీ వాక్యం కామెంట్ల పెడుతున్నం, కాపీ చేసుకోండి.