ముప్పదియేండ్ల బాటసారి

దేశములు తిరిగినవానికి తెలివి హెచ్చునని మనలో ఒక నమ్మకము కలదు. తిరిగినవారెల్లరు తెలివిగలవారే యగుదురేని గుఱ్ఱపువర్తకులును, ఓడకళాసులును మహాజ్ఞానులు కావలసియుండును. తిరుగుట వేఱు, తిరిగి నేర్చుకొనుట వేఱు. నేర్చుకొన్నదానిని నిలుపుకొనుట మఱియు వేఱు. ఇరువదియొకటవయేట ఇల్లు విడిచి, ఏబదియేండ్లు నిండవచ్చు కాలమునకుగాని బాట విడువని ఒక మనుష్యుని చరిత్ర యిందుకు మంచి పరీక్ష. ఆయన పేరు ఇబన్ బతూతా.

ఆయన ఆఫ్రికాఖండపు వాయవ్యమూలనున్న మొరాకోదేశమున, టాంజియరు పట్టణమందు 1304వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో జన్మించెను. ఆ వంశమువారు ధర్మశాస్త్రమెఱిగినవారు, ఖాజీపదవులు చేసినవారు. 1325 జూన్ 14వ తేదీన మక్కాయాత్రకని ఒంటరిగా బయలుదేఱెను. తోడు లేదు, బిడారు లేదు. తల్లిదండ్రు లిరువురును జీవించియుండిరి. వారిని విడుచునపుడు గూడువిడిచిన పక్షివలె నుంటినని తరువాత చెప్పుకొనెను. మక్కా చూచి వచ్చుటకు ఏడాదియో, రెండేడులో చాలును. ఆయనకు ఇరువదినాలుగేండ్లు పట్టెను. ఆ పిదపను ఇంట నిలువలేదు.

కొన్ని నెలల ప్రయాణముపై ట్యూనిస్ నగరము చేరినప్పటి సంగతి యొకటి కలదు. ఊరివారు బాటసారుల నెదుర్కొనవచ్చి, ఎఱిగినవారిని ఎఱిగినవారు పలుకరించుకొనుచుండిరి. ఈ బాలుని ఎఱిగినవా రెవరును లేరు. అతడు గుఱ్ఱముమీదనే కన్నీరు కార్చెను. అది చూచి, తోడివచ్చిన యాత్రికు డొకడు దగ్గఱకు వచ్చి పలుకరించి, ఊరు చేరువఱకు ప్రక్కనే నడిచి మాటలు చెప్పుచు వచ్చెను. అంతకుమించి ఆ యాత్రికుడు చేసినది లేదు. ఇబన్ బతూతా వేలకొలది మైళ్లు తిరిగి, రాజులను, సుల్తానులను, చీనా ఓడలను చూచి వచ్చిన పిమ్మట తన కథ చెప్పునప్పుడు ఈ చిన్నసంగతిని విడువలేదు. పరదేశమున ఒక్క పలుకరింపు వెల యెంతయో తెలిసినవాడే దానిని ముప్పదియేండ్లు జ్ఞాపకముంచుకొనును.

ఈ పాఠమునకు పెద్దభాష్యము అనటోలియాలో, అనగా నేటి తురుష్కదేశమున, 1330 దాటిన కాలమున ఆయనకు దొరికెను. అచ్చట అఖీలనబడు యువకుల సంఘములు ఊరూరను ఉండెను. వీరు పనిపాటలవారు. పగలు తమతమ వృత్తులు చేసికొని సంపాదించినది సాయంకాలము తమ పెద్దచేతి కిత్తురు. దానితో దీపములు, పండ్లు, భోజనపదార్థములు కొందురు. ఆ దినము ఊరికి పరదేశి వచ్చెనా, అతడే వారి అతిథి. రానిచో తామే కలిసి భుజింతురు. లాదిక్ అను పట్టణమందు (నేడది డెనిజ్లి) ఇబన్ బతూతా బజారువీథిని పోవుచుండగా కొందఱు అంగళ్లనుండి దిగివచ్చి గుఱ్ఱముల కళ్లెములు పట్టుకొనిరి. వేఱుకొందఱు వచ్చి వారితో పెనుగులాడసాగిరి. కొందఱు కత్తులుకూడ దూసిరి. భాష తెలియదు. వీరు దొంగలే, దోచి చంపుదురే యని బాటసారు లడలిపోయిరి. ఇంతలో అరబ్బీ తెలిసినవా డొకడు వచ్చి అసలుసంగతి చెప్పెను. ఇవి రెండు అఖీసంఘములట. పరదేశులు మా యింట దిగవలెననగా మా యింట దిగవలెనని జగడమట! చివరకు చీట్లు వేసికొని, మొదట ఒకరి యింటను, పిదప రెండవవారి యింటను ఆతిథ్యము జరుపుటకు సమాధానపడిరి. సంఘపు పెద్ద తానే అతిథిని స్నానశాలకు తోడ్కొనిపోయి పరిచర్య చేసెను. మనదేశమున సత్రములు కట్టించినవారు పెక్కండ్రు కలరు. అతిథికొఱకు కత్తిదూసినవారి కథ నేను మఱియొకచోట విని యుండలేదు.

అయితే ఇట్టి ఆతిథ్యము కేవలము మనుష్యుల మంచితనమువలననే సాగినదనుట పొరపాటు. దానికొక కట్టుబాటు కలదు. మొరాకోనుండి సుమత్రాదీవివఱకు ఆ కాలమున ఒకే మతధర్మమును, పండితులలో ఒకే అరబ్బీభాషయు వ్యాపించియుండెను. ఊరూర మదరసాలు, సూఫీల ఆశ్రమములు, వానిపోషణకు దానముగా విడిచిన భూములు నుండెను. ధర్మశాస్త్రము చదివినవానికి ఎక్కడకు పోయినను పూటకూడు, పడక, కొన్నిచోట్ల ఉద్యోగముకూడ దొరకెడివి. మార్కోపోలో వర్తకుడు, సరకులతో పోయెను. ఇబన్ బతూతా మోసికొనిపోయిన సరకు ఆయన చదువే. అందుచే ఆయన పరదేశములు తిరిగెననుటకంటె, ఒక పెద్దలోగిలిలోని గదులన్నియు తిరిగి చూచెననుట నిజమునకు దగ్గఱ. ఈ లోగిలి దాటి చీనాలో అడుగిడినపుడే ఆయనకు పరదేశమనిన నేమో తెలిసెను. ఆ సంగతి ముందు రాగలదు.

1333వ సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీన ఆయన సింధునది చేరెను. ఢిల్లీలో మహమ్మదుబిన్ తుగ్లకు సుల్తాను. ఈ సుల్తాను మన తెలుగువారికి కొత్తవాడు కాడు. పదియేండ్లకు ముందు, 1323లో, యువరాజుగా సేనలతో వచ్చి ఓరుగల్లు గెలిచి కాకతీయరాజ్యము నంతమొందించినవా డితడే. పరదేశ పండితులనిన ఈ ప్రభువునకు మిక్కిలి మక్కువ. మొరాకో యాత్రికుని ఢిల్లీలో ఖాజీగా నియమించి, సంవత్సరమునకు 12,000 దీనారముల జీతము నిర్ణయించెను. ఈయనకు పారసీకము సరిగా రాదు. అయినను కొలువు దొరకెను. ఈయన అక్కడ కొలువుచేయుచున్న దినములలోనే ఇక్కడ తెలంగాణమున ముసునూరి కాపయనాయకుడు మొదలగువారు తిరుగబడి, 1336 ప్రాంతమున ఢిల్లీ యధికారమును తొలగించిరి.

ఢిల్లీకొలువులో ఆయన నేర్చినది ఐశ్వర్యము, భయము అను రెండు విద్యలు. కొత్తగా వచ్చినవారికి వర్తకులు అప్పిత్తురు. ఆ సొమ్ముతో సుల్తానుకు కానుకలు కొందురు. సుల్తాను దానికి ఎన్నోరెట్లు తిరిగి యిచ్చును. అప్పు తీఱును. ఇది అక్కడి యేర్పాటు. మన యాత్రికుడు చేయిజాఱి ఖర్చుచేయువాడు గనుక అప్పు 55,000 దీనారముల కెక్కెను. సుల్తానే దానిని తీర్చవలసివచ్చెను. అట్టి దాతయే, ఒక సూఫీ పెద్ద తనమాట కెదురాడెనని చిత్రవధ చేయించి, అతనిని దర్శించినవారి పేరులన్నియు వ్రాయించెను. అందు ఇబన్ బతూతా పేరుండెను. తొమ్మిదిదినములు కావలిలో నుండి, ఉపవాసములతోను, ప్రార్థనలతోను గడపి, ఎట్లో బయటపడెను. వెంటనే ఉన్నదెల్ల బీదలకు పంచి, ఒక తపస్వి నాశ్రయించి, ఐదునెలలు చినిగిన బట్టలతో కాలము గడపెను. ఈ వైరాగ్యము నిలిచినదా యందురా? సుల్తాను మరల పిలిపించి చీనాచక్రవర్తికడకు రాయబారిగా పొమ్మనగానే అది కరగిపోయెను. తిరుగుట కితనికంటె ఆశపడువా డెవడు!

1342లో ఢిల్లీనుండి బయలుదేఱిన ఆ రాయబారపు వైభవము గొప్పది. నూఱు మేలుజాతి గుఱ్ఱములు, నూఱుగురు బానిసలు, నాట్యకత్తెలు, పట్టుబట్టలు, బంగారుపాత్రలు. కొన్నిదినములలోనే, నేటి అలీగఢ్ ప్రాంతమున, దొంగలచిక్కి, తోడివారినుండి తప్పిపోయి, ఎనిమిదిదినములు ఆకలిదప్పులతో ఒంటరిగా తిరుగవలసివచ్చెను. చివరకు నడువలేక కూలబడగా, చెంబును కఱ్ఱయు పట్టుకొనిన నల్లనిమనుష్యు డొకడు కనబడి, నీరిచ్చి, శనగలిచ్చి, భుజములమీద మోసికొనిపోయి ఒక గ్రామమున దించెను.

కళ్లికోటలో జరిగినది అంతకంటె పెద్దదెబ్బ. కానుకలన్నియు చీనా ఓడ కెక్కింపబడెను. తన సామానును మఱియొక చిన్నయోడకు చేర్పించి, ఆ శుక్రవారము నమాజుకొఱకు తాను ఒడ్డున నిలిచెను. ఆ రాత్రి గాలివాన. పెద్దయోడ పగిలి కానుకలతోను మనుష్యులతోను మునిగిపోయెను. చిన్నయోడవారు తెఱచాపలెత్తి ఆయన సామానుతో వెడలిపోయిరి. ఒడ్డున ఆయనకు మిగిలినవి పది దీనారములు, పండుకొను చాప. బానిసలుగా పంపబడిన మనుష్యులు గుఱ్ఱములతోపాటు కానుకల లెక్కలోనే మునిగిరని మనము గుర్తుంచుకొనవలెను. తరువాత సముద్రపుదొంగలు మఱియొకమాఱు దోచి, కట్టుబట్టతో విడిచిరి. బుఖారాలో సమాధులమీది శాసనములను వ్రాసికొన్న కాగితములుకూడ ఆ దోపిడిలోనే పోయెను. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31 సంవత్సరములలో చేసిన కాశీయాత్రను దినచర్యగా వ్రాసియుంచిరి. ఈయనకు ఆ భాగ్యము లేదు. ఆయన గ్రంథములో తేదీలు తాఱుమారగుటయు, వరుస తప్పుటయు ఇందువలన కొంత క్షమింపదగినవి.

తరువాత మాల్దీవులలో ఏడాదిన్నర ఖాజీగిరి, సింహళము, వంగము దాటి 1345-46 ప్రాంతమున చీనా చేరెను. ఆ దేశమువలె బాటసారికి నిర్భయమైన దేశము మఱియొకటి లేదని మెచ్చుకొనెను. కాగితపునాణెములు, పింగాణిపాత్రలు, పరదేశీయుల రూపములను చిత్రించి యుంచుకొను పద్ధతి, అన్నియు గమనించెను. అయినను అక్కడ ఆయన మనసు కుదురలేదు. ఆచారములు తనకు సరిపడక, అవసరమైనగాని యిల్లు కదలకుండెను. అట్టిసమయమున ఒక ధనికుడైన ధర్మశాస్త్రపండితుడు చూడవచ్చెను. అతని యూరడుగగా సబ్తా యనెను. సబ్తా టాంజియరుకు ప్రక్కయూరే! భూమికి ఆ చివర పుట్టిన యిద్దఱు ఈ చివర కలిసికొని యేడ్చిరి. ఆ పండితుని సోదరుని ఇబన్ బతూతా పిదప ఆఫ్రికాలో, సహారా యెడారి అంచుననున్న సిజిల్మాసాలో చూచెను. అన్నదమ్ములకు నడుమ ఎంత దూరమని ఆశ్చర్యపడెను.

1348లో డమాస్కసునగరమునకు తిరిగివచ్చెను. ఇరువదియేండ్లకు ముందు అక్కడ వివాహమాడి, గర్భవతియైన భార్యను విడిచి వెళ్లియుండెను. కుమారుడు పుట్టెనని హిందూదేశమున నుండగా వినెను. ఇప్పుడు అడుగగా, ఆ పిల్లవాడు పండ్రెండేండ్లక్రిందనే పోయెననిరి. టాంజియరునుండి వచ్చిన పండితు డొకడు అక్కడ నుండెను. నీ తండ్రి పోయి పదునైదేండ్లయినది, తల్లి జీవించియున్నదని అతడు చెప్పెను. ఆ సంవత్సరమే మహామారి ఆ దేశములను తినివేయుచుండెను. డమాస్కసులో ముసల్మానులు, యూదులు, క్రైస్తవులు తమతమ గ్రంథములను చేతబట్టుకొని ఒక్కటిగా ప్రార్థించుచు నడచుట ఆయన కన్నులార చూచెను. తల్లిని చూడవలెనని మొరాకో చేరి, 1349 నవంబరులో ఫెజ్ నగరమునకు వచ్చుచుండగా త్రోవలోనే వార్త తెలిసెను: మహామారి ఆమెను తీసికొనిపోయెను. టాంజియరుకు పోయి సమాధిని మాత్రము దర్శించెను. గ్రంథములో ఈ సంగతికి కేటాయించినవి కొద్దిమాటలే. అనటోలియాలోని పండ్లనుగూర్చి వ్రాసినన్నికూడ కావు.

ఆయన నేర్వని పాఠములుకూడ కలవు. పోయినచోటనెల్ల పెండ్లాడి, పోవునప్పుడు విడనాడి వచ్చెను. బానిసలను కొనెను, అమ్మెను. ఈ రెంటికిని ఆ కాలపు ఆచారమే సమాధానమని కొందఱందురు. ఆచారమును ప్రశ్నించుటకు ముప్పదియేండ్ల దేశాటనము చాలలేదనియే నాకు తోచును. మాల్దీవులలో స్త్రీల వస్త్రధారణమును మార్చుటకు ఖాజీయై ప్రయత్నించి ఓడిపోయెను. 1352లో సహారా దాటి మాలీరాజ్యమునకు పోయినపుడు సుల్తాను సులేమాను కానుక పంపెనని వినగా, శాలువలు, సొమ్మును వచ్చుననుకొని లేచి నిలుచుండెను. వచ్చినవి మూడు రొట్టెలు, వేచిన గోమాంసపు ముక్క, బుఱ్ఱనిండ పెరుగు. చూచి నవ్వెను. ట్యూనిసులో ఒక్క మాటకొఱకు ఏడ్చిన బాలునికి రొట్టెయు పెరుగును చాలియుండెడివి. ఢిల్లీ దీనారములు ఆయనకు చేసిన కీడిది. అయినను ఖాజీబుద్ధి చచ్చిపోలేదు. మాలీలో బాటలకు దొంగలభయము లేదనియు, అక్కడ చనిపోయిన పరదేశి ధనమును ఎవరును ముట్టక, హక్కుదారు వచ్చువఱకు నమ్మకమైనవానిచేతిలో నుంతురనియు మెచ్చుకొని చెప్పెను. సముద్రతీరములందు రెండుమాఱులు సర్వమును పోగొట్టుకొన్నవా డిచ్చిన మెప్పు అది.

1354లో ఫెజ్ చేరినపిదప, సుల్తాను అబూ ఇనాను ఆజ్ఞచే తన యాత్రను చెప్పగా, ఇబన్ జుజై యను పండితుడు వ్రాసి, 1355 డిసెంబరులో గ్రంథము ముగించెను. అందు కొన్నిపట్టణముల వర్ణనలు పూర్వయాత్రికుడైన ఇబన్ జుబైరు గ్రంథమునుండి ఎత్తివ్రాయబడినవే. చూడనిచోట్లను చూచితినని చెప్పినట్లు పండితులు పట్టుకొన్న తావులును కలవు. ఆయన నడచిన దూరము 73,000 మైళ్లని ఒక అంచనా.

ఆస్థానమున చాలమంది ఈ కథలను నమ్మలేదు. చరిత్రకారుడైన ఇబన్ ఖల్దూను అప్పటికి యువకుడు. తనకును సందేహము కలిగి మంత్రినడిగెను. మంత్రి ఒక కథ చెప్పెను. చెఱసాలలో చాలయేండ్లున్న యొక యధికారికి కొడుకు అక్కడనే పెరిగెను. వాడు తినుచున్న మాంసమేమని అడుగగా, తండ్రి గొఱ్ఱెమాంసమని చెప్పి, గొఱ్ఱె యెట్లుండునో వర్ణించెను. "అయితే ఎలుకవలె నుండునా?" అని వాడడిగెను. చెఱసాలలో వాడు చూచిన జంతువు ఎలుక యొక్కటే. ఇబన్ బతూతా అటుపిమ్మట మొరాకోలో ఖాజీపని చేసికొనుచు, 1368-69 ప్రాంతమున కాలముచేసెను.