పనీపాటా విడిపోయిన కథ

ఊరికే తిరిగే మనిషిని తెలుగువాళ్లు ‘పనీపాటా లేనివాడు’ అంటారు. పని లేదంటే సరే, పాట సంగతి ఎందుకొచ్చినట్టు? జంటపదం కుదరడానికి అతికించిన మాటలా వినిపిస్తుంది. కానీ రోకలి, తిరగలి, ఏతం, మోట నడిచిన కాలానికి వెళ్తే ఆ రెండూ ఎప్పుడూ ఒకే చోట కనిపిస్తాయి.

వడ్లు దంచడమే చూడండి. ఒక రోలు, రెండు రోకళ్లు, ఎదురెదురుగా ఇద్దరు ఆడవాళ్లు. ఒకరి రోకలి లేచేసరికి రెండోవారిది దిగాలి. లిప్తపాటు తప్పితే రోకళ్లు ఢీకొని చెయ్యి అదిరిపోతుంది. ఆ తప్పు జరక్కుండా కాసేది కన్ను కాదు, చెవి. ‘సువ్వి’ అనే మాట దగ్గర పోటు పడుతుంది, ఊపిరీ అక్కడే బయటికొస్తుంది. బలం పెట్టేటప్పుడు ఊపిరి వదలాలని ఇప్పుడు జిమ్ములో శిక్షకుడు పక్కన నిలబడి నేర్పుతాడు. దంపుళ్లవాళ్లకు అది పాటతోపాటే అబ్బేది. 15వ శతాబ్దంలో అన్నమయ్య వేంకటేశుడి మీద సువ్వి పాటలు కట్టాడంటే, ఆ లయ అప్పటికే ఇంటింటికీ ఎంత తెలిసినదో ఊహించుకోవచ్చు.

ఏతం దగ్గర పాటకు ఇంకో బాధ్యత కూడా ఉండేది. దూలం మీద ఒక మనిషి ముందుకూ వెనక్కూ నడుస్తాడు. కింద నూతి గట్టున ఇంకొకడు బాన ముంచి, పైకొచ్చాక కాలవలోకి వంచుతాడు. పై మనిషి అడుగు తడబడితే సరాసరి నూతిలోకే. పాట అతని కాళ్లకు తాళం వేసేది, ఎన్ని బానలు తోడారో లెక్క కూడా చెప్పేది. తెలంగాణలో మోట, రాయలసీమలో కపిల తోలేవాళ్ల పాటలు వేరు. అక్కడ వినేవాళ్లలో ఎద్దులూ ఉండేవి. గోదావరి డెల్టా కాలవల్లో పడవకు తాడు కట్టి గట్టు వెంబడి లాగేవాళ్లు, దుంగలు మోసేవాళ్లు ‘హైలెస్సా’ అంటే చాలు, పదిమంది బలం ఒక్క క్షణానికి కూడేది.

తిరగలి సంగతి పూర్తిగా వేరు. తెలంగాణలో దాన్ని ఇసుర్రాయి అంటారు. తెల్లవారుజామున, ఇల్లంతా నిద్రలో ఉండగా, ఒక్కతే కూచుని విసిరే పని అది. తోడు లేదు గనక పాట పొడుగు సాగుతుంది, కథవుతుంది. పుట్టింటి మీద బెంగ, అత్తగారి ఆరళ్లు, దూరదేశం పోయిన మగడు అన్నీ రాయి తిరిగే చప్పుడులో కలిసిపోయేవి. పగలు పైకి చెప్పుకోలేని మాటను చెప్పుకునే చోటు అదే. మనసులోని బరువు దించుకోవడం గురించి ఇవాళ వినిపించే సలహాలన్నిటికంటే ముందే, ఆ ఆడవాళ్లు తమకు తాముగా కనిపెట్టుకున్న వైద్యం అది.

భోజనాలయ్యాక దొరికే కాస్త తీరిక కూడా పాటకే పోయేది. స్త్రీల రామాయణపు పాటల్లో ‘ఊర్మిళాదేవి నిద్ర’ ప్రసిద్ధం. వాల్మీకి దాదాపు పట్టించుకోని ఊర్మిళకు తెలుగు ఆడవాళ్లు పద్నాలుగేళ్ల నిద్ర ఇచ్చారు. వెల్చేరు నారాయణరావు 1991లో అచ్చయిన వ్యాసంలో ఇలాంటి పాటలను పరిశీలించి, అవి పండితులు చెప్పే రామాయణం కాదని, ఆడవాళ్లు ఇంటి లోపలినుంచి చూసిన రామాయణమని చూపించారు. పొద్దు పొడవకముందే లేచి, అందరూ పడుకున్నాక పడుకునే మనుషులు పాడుకున్న పాటలో కథానాయిక ఏళ్ల తరబడి నిద్రపోతుంది. ఆ పాట పుట్టిన ఇళ్లను తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఈ సంపద చాలా పాతది. 13వ శతాబ్దపు పాల్కురికి సోమన తన ‘పండితారాధ్య చరిత్ర’లో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు వంటి జనం పాటల పేర్లు వరసగా చెప్పాడు. ఆధునిక కాలంలో నేదునూరి గంగాధరం ఊరూరా తిరిగి పాటలు ఏరారు. ఆయన సంపుటాలకు ‘మిన్నేరు’, ‘సెలయేరు’ అని నీటి పేర్లు పెట్టుకున్నారు. బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద ఉస్మానియాలో పరిశోధన చేసి పట్టా పొందారు. రోకలి పట్టిన చేతుల పాట విశ్వవిద్యాలయం గడప తొక్కింది అప్పుడే.

జర్మనీలో కార్ల్ బ్యూషర్ అనే ఆర్థికవేత్త 1896లోనే పని, లయల సంబంధం మీద ఒక పుస్తకం రాశాడు. ప్రపంచం నలుమూలల పనిపాటలు పోగుచేసి, లయ వల్ల శ్రమ తేలికవుతుందని, కూడి చేసే పనికి పాటే పగ్గమని వాదించాడు. మన ఊళ్లలో దంపుళ్లకు వచ్చే ఏ మనిషినడిగినా అదే చెప్పేది.

అలాగని ఆ రోజులు బంగారం కావు. దంపుళ్ల కూలి పిడికెడు నూకల దగ్గర ఆగిపోయేది. నడుం వంచి రోజంతా నాట్లేసిన మనిషికి పాట ఉన్నా నొప్పి నొప్పే. పాట జోరందుకుంటే నాటు జోరందుకుంటుంది, ఆ లాభం ఆసామిది. అయితే ఒక్క సంగతి మాత్రం పనివాళ్ల చేతిలోనే ఉండేది: ఎప్పుడు ఎత్తుకోవాలి, ఎంత వేగంగా పోవాలి, ఎక్కడ ఆపి ఊపిరి పీల్చుకోవాలి అన్నది. నాట్లలో ముందు పాడే మనిషి పక్కనున్న ముసలామె అలసట చూసి పాట నెమ్మదింపజేయగలదు. గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డవాడికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

మిల్లు యంత్రం మొదట తీసేసింది పనివాళ్ల చేతిలోని ఈ అధికారాన్నే. 1823లో మాంచెస్టర్ దగ్గర టిల్డ్‌స్లీ నూలు మిల్లు కార్మికులు సమ్మె చేసినప్పుడు తమ మీద వేసే జరిమానాల జాబితా బయటపెట్టారు. ఈల వేస్తూ పట్టుబడిన వడుకువాడికి ఒక షిల్లింగు జరిమానా. యంత్రం వేగానికి మనిషి నడవాలి గనక మనిషి సొంత లయ నేరమైంది.

వందేళ్ల తర్వాత అదే దేశం పాటను వెనక్కి పిలిచింది. ఒకే పని పదే పదే చేసేవాళ్ల విసుగు మీద పరిశోధనలు జరిగాయి. యుద్ధకాలంలో, 1940 జూన్ 23న, బీబీసీ ‘మ్యూజిక్ వైల్ యూ వర్క్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ లౌడ్‌స్పీకర్లలో పొద్దున ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత. కానీ ఎలాంటి పాట పడాలో నిర్ణయించేది కార్మికులు కాదు. ‘డీప్ ఇన్ ద హార్ట్ ఆఫ్ టెక్సస్’ అనే పాటను అందులోంచి తీసేశారు. దాంట్లో నాలుగు చప్పట్లున్నాయి, పనివాళ్లు చేతిలో పని వదిలి చప్పట్లు కొడతారని, పనిముట్లతో బల్లలు మోగిస్తారని భయం. అంతకు చాలా ముందే, 1865లో, హవానా చుట్టల కార్ఖానాల కార్మికులు తమ కూలిలోంచి తలా కొంత వేసుకుని, పని చేస్తుండగా పత్రికలు, నవలలు చదివి వినిపించడానికి ఒక చదువరిని పెట్టుకున్నారు. ఈ రెండు ఏర్పాట్లలో పనివాళ్లు తమకు తామే పెట్టుకున్నది హవానా వాళ్లదే.

తెలుగునాట పనినుంచి పాట విడిపోయే మార్పు సైరన్ మోత లేకుండా వచ్చింది. 20వ శతాబ్ది మొదటి దశాబ్దాల్లో డెల్టా ఊళ్లలో బియ్యం మిల్లులు లేచాయి, దంపుళ్లు తగ్గాయి. ఆడవాళ్ల భుజాలకు అది నిజమైన విముక్తి, దాన్ని కాదనలేం. అయితే తెల్లగా మిల్లాడిన బియ్యంతో పాటు ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి జబ్బు వైద్యుల దృష్టికి వచ్చింది, కూలి దొరికే ఒక పనీ పోయింది. తర్వాత కరెంటు మోటార్లు వచ్చి ఏతాన్ని, మోటను మూలకు తోశాయి. 1957లో వచ్చిన ‘తోడికోడళ్ళు’ సినిమాలో అక్కినేని, సావిత్రి నీళ్లు తోడుతూ పాడతారు. కొసరాజు రాసిన ఆ పాట ఇప్పటికీ జనం నోట ఉంది. పొలంలో మూగబోతున్న గొంతు అప్పటికి తెర మీదికి ఎక్కింది.

కార్ఖానాలో చేరినవాళ్లకు పాట బదులు చట్టం వచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలకు మించి పని వద్దంది, ఐదు గంటలు గడిచేలోగా కనీసం అరగంట విరామం ఇవ్వాలంది. ఆ అరగంట ఎన్నో పోరాటాల ఫలం. దాన్ని తక్కువ చేయకూడదు.

ఇప్పుడు మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ధ్యానం గదులున్నాయి, జూన్ 21న యోగా చాపలు పరుస్తారు. పని ఒత్తిడితో మనిషి పూర్తిగా నీరసించిపోయే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణలో వృత్తికి సంబంధించిన పరిణామంగా చేర్చింది, రోగంగా మాత్రం కాదు. ప్రాణాయామం వల్ల మేలు జరిగితే సంతోషమే. కానీ చాప మీంచి లేచి కుర్చీలో కూచున్నాక ఆ రోజు గడువును నెమ్మదింపజేసే అధికారం ఆ గదిలో ఎవరికైనా ఉందా అన్నది అడగాల్సిన ప్రశ్న. నాటు మడిలో ముందు పాడే మనిషికి అది ఉండేది. కుర్చీలో కూచున్న ప్రతివాడి చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి, ఒకరి పాట ఒకరికి వినపడదు.

రోకలి ఇంకా పూర్తిగా పోలేదు. పెళ్లి పనులు మొదలయ్యేది పసుపు దంచడంతోనే. రోలుకూ రోకలికీ పసుపు కుంకాలు పెట్టి, ముత్తయిదువలు వచ్చి తలా నాలుగు పోట్లు వేస్తారు. చదువుకుని ఉద్యోగాలు చేసే ఆడపిల్లలు నవ్వుతూ రోకలి పట్టుకుంటారు, ఒకరి పోటు మీద ఇంకొకరి పోటు పడుతుంది, రోకళ్లు తగులుకుంటాయి. అప్పుడు అరుగు మీది నాయనమ్మ లేచి వస్తుంది. రెండో రోకలి అందుకుని, ‘నేను సువ్వి అన్నప్పుడు నువ్వు దించు’ అంటుంది.