ఒకటి కలిపినా పెరగని సంఖ్య

పెద్ద పూర్ణాంకాల దగ్గర కంప్యూటర్ లెక్క తప్పితే చాలామంది దశాంశ సంఖ్యలను యంత్రంలో దాచే ఫ్లోటింగ్ పాయింట్ పద్ధతిని నిందిస్తారు. చరిత్ర చూస్తే ఆ నింద సరికాదనిపిస్తుంది. ఒక్కో యంత్రం ఒక్కో రకంగా దశాంశాలను సవరించే గందరగోళానికి 1985లో ఈ పద్ధతికి వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం ముగింపు పలికింది; దాని రూపకల్పనలో విలియం కహాన్‌ది ప్రధాన పాత్ర. అందులోని 64 బిట్ల రూపంలో ఒక బిట్టు ధన, రుణ గుర్తుకు, 11 ఘాతానికి, 52 అంకెలకు కేటాయించారు. రాయకుండానే లెక్కలోకి వచ్చే మరో బిట్టుతో కచ్చితత్వం 53 బిట్లయింది. అందుకే 9,00,71,99,25,47,40,992 వరకే ప్రతి పూర్ణాంకమూ ఇముడుతుంది. ఆ సంఖ్యకు 1 కలిపితే జవాబు మళ్లీ అదే వస్తుంది. ఈ హద్దు ప్రమాణంలో దాగి లేదు, బాహాటంగానే ఉంది.

చిక్కు 1995లో మొదలైంది. నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్ట్ పూర్ణాంకాలకూ దశాంశాలకూ ఈ 64 బిట్ల రకాన్ని మాత్రమే వాడింది. అంత పెద్ద సంఖ్య ఎవరికి కావాలని అడగవచ్చు. లెక్కపెట్టడానికైతే నిజంగానే అవసరం అరుదు. కానీ గుర్తింపు సంఖ్య పరిమాణాన్ని చెప్పదు, ఒకదాన్ని మరొకదాని నుంచి వేరుచేస్తుంది. అక్కడ చివరి అంకె మారితే వస్తువే మారిపోతుంది. 2010లో ట్విటర్ 64 బిట్ల గుర్తింపు సంఖ్యలకు మారినప్పుడు, జావాస్క్రిప్ట్‌లో చివరి అంకెలు మారకుండా వాటిని అక్షరాల వరుసగా కూడా పంపవలసి వచ్చింది. ఒకే రకం ఉంటే నేర్చుకోవడం సులువన్న వాదన కొట్టిపారేయదగ్గది కాదు. అయినా 2020లో జావాస్క్రిప్ట్ ప్రమాణమే పెద్ద పూర్ణాంకాల కోసం బిగ్‌ఇంట్ అనే వేరే రకాన్ని చేర్చుకుంది. తప్పు కొలబద్దది కాదు, కొలవకూడని చోట దాన్ని వాడిన నిర్ణయానిది.