ఉప్పల్ అంటే స్టేడియమేనా?

ఉప్పల్ పేరెత్తితే బయటివాళ్లకు గుర్తొచ్చేది క్రికెట్ స్టేడియం. మెట్రోవాళ్లు కూడా ఉప్పల్, ఎన్‌జీఆర్‌ఐల నడుమ స్టేషన్‌కు ‘స్టేడియం’ అనే పేరే ఖాయం చేశారు. ఈ వైపు ఆటల గురించి ఎవరు రాసినా కథ 2005 నవంబర్ 16న, భారత్-దక్షిణాఫ్రికా వన్డేతోనే మొదలవుతుంది. అంతకుముందు హబ్సిగూడ నుంచి బోడుప్పల్ దాకా ఏ పిల్లాడూ ఆట మొహం చూడనట్టే!

ఆ రాతలు తప్పు. ఆ వన్డేకి దాదాపు యాభై ఏళ్ల ముందే నగరం ఈశాన్య కొస నుంచి ఒక కుర్రాడు ఒలింపిక్స్‌కు వెళ్లాడు. వెళ్లింది ఫుట్‌బాల్ ఆడటానికి.

తులసీదాస్ బలరామ్ అమ్ముగూడలో పుట్టారు. నాచారం నుంచి మల్లాపూర్, ఈసీఐఎల్ దాటి సైనిక్‌పురి దిక్కుకు పోతే తగిలే ఊరది. కోల్‌కతావాళ్లకు ఆయన ఈస్ట్ బెంగాల్ క్లబ్ మనిషి. ఇంకొందరు ‘సికింద్రాబాద్ ఆటగాడు’ అని ఒక్క మాటతో తేల్చేస్తారు. అమ్ముగూడ పేరు రాయడానికి ఎవరికీ చెయ్యి రాదు. ఊరి పేరు ఎగిరిపోతే ఆ ఊరి లేమి కూడా కథలోంచి ఎగిరిపోతుంది. బలరామ్‌ది రోజూ ప్రాక్టీస్‌కు నగరందాకా పోయి రాగల స్తోమతున్న ఇల్లు కాదు. ఆ సంగతి తెలిసి కోచ్ రహీం అద్దె సైకిల్‌కు డబ్బులిచ్చి మరీ పిలిపించుకున్నారు. ఆ సైకిల్ మీద బయల్దేరినవాడే 1956లో ఒలింపిక్స్‌కు మెల్‌బోర్న్ చేరాడు, 1960లో రోమ్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టాడు, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచిన జట్టులో నిలిచాడు. ఆయన 2023 ఫిబ్రవరి 16న పోయారు. నివాళుల్లో సైతం అమ్ముగూడకు దక్కిన చోటు తక్కువే.

ఆ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం (1909-63) మొదట బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్‌గా ఉండి, 1950-54 మధ్య వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించారు. కానీ ఆయన గొప్పతనం కప్పుల్లో కన్నా పిల్లలకు పెట్టిన పోటీల్లో కనిపిస్తుంది. అలవాటులేని కాలితోనే ఆడాలన్నది ఒక పోటీలో షరతు. బంతిని ఒక్కడే నడిపించుకుపోకూడదన్నది ఇంకో పోటీలో నియమం. కుడికాలి వాటం పిల్లాడు ఎడమకాలితో ఆడితే ఏమవుతుంది? గొప్పలు పోయే వీలుండదు. బంతి కాలికి తగలగానే తలెత్తి పక్కవాడెక్కడున్నాడో చూడాలి, పేరు పెట్టి కేకెయ్యాలి, బంతి వదిలేసి ఖాళీ చోటికి పరుగెత్తాలి. ఆ కేక ఎప్పుడెయ్యాలో తెలిసినవాడే రేపు జట్టును నడిపిస్తాడు. నాయకత్వ శిక్షణ అని ఇవాళ ఫీజులు కట్టించుకుని చెప్పే చదువును ఆ పంతులు మట్టి గ్రౌండ్‌లో చెప్పారు.

ఇక గట్టిగా ఎదురు చెప్పాల్సిన మాట ఒకటుంది. రహీంతోనే హైదరాబాద్ ఫుట్‌బాల్ పోయిందని చాలామంది రాశారు. మరి ఆయన పోయాక 1965-66లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ ఎలా గెలిచింది? 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్ హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. అదే జట్టులో మరో హైదరాబాదీ మహమ్మద్ హబీబ్ ఉన్నారు. 1974లో ఇరాన్‌తో కలిసి ఆసియా యూత్ టైటిల్ పంచుకున్న కుర్రాళ్లను నడిపించింది షబ్బీర్ అలీ, ఆయనదీ ఈ నగరమే. ఆ తర్వాత నయీముద్దీన్ భారత జట్టుకు కోచ్ అయ్యారు, హబీబ్ టాటా ఫుట్‌బాల్ అకాడమీలో పిల్లల్ని తీర్చిదిద్దారు, షబ్బీర్ 1998-99లో గోవా సాల్గావ్‌కర్‌కు జాతీయ లీగ్ గెలిపించారు. ఒక్క మనిషితో పోయిన ఆటైతే ఇంతమంది పెద్దలు ఎక్కడినుంచి వచ్చారు?

పోయింది మైదానం. దాంతోపాటు ఆట చూసి ఉద్యోగమిచ్చే అలవాటూ సన్నగిల్లింది. నాచారంలో షెడ్లు, వాటి వెనక కాలనీలు, కాలనీల మీద అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇప్పుడు ఆడాలంటే టర్ఫ్ ఉంది. చుట్టూ వల, పైన ఫ్లడ్‌లైట్లు, గంటకు ఇంతని రేటు. లోపల పదిమంది ఆడుతుంటే వలను రెండు చేతులా పట్టుకుని నలుగురు పిల్లలు చూస్తుంటారు. బంతి వల దాటి బయటపడితే అందరికన్నా ముందు వాళ్లే ఉరుకుతారు, చేత్తో అందివ్వకుండా కాలితో తన్ని పంపుతారు. వాళ్ల వంతుకు వచ్చేది ఆ ఒక్క తన్నే.

ఇక్కడ సత్తా లేదనే వాదన కూడా నిలవదు. 2022 మార్చి 20న హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచింది. అయినా గచ్చిబౌలిలో ఆడిన ఆ జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. అదే ఏడాది దేశపు ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపికైన గుగులోత్ సౌమ్య నిజామాబాద్ జిల్లా తండా పిల్ల. తండాలో పుట్టిన పిల్ల అంతదూరం వెళ్లగలిగినప్పుడు మెట్రో వచ్చిన ఉప్పల్ పిల్లలకు దారి ఎందుకు దొరకదు?

ఇక్కడివాళ్లు ఇంకో స్టేడియం అడగడం లేదు. సర్కారు బళ్ల గ్రౌండ్లు సాయంత్రాలు తెరిచి ఉంచాలి, ఆడపిల్లలకూ మగపిల్లలకూ నేర్పే పీఈటీ సార్ ఉండాలి. ఉప్పల్-నాచారం మధ్య మిగిలిన ఖాళీ జాగాల్లో ఒక్కటైనా ఫుట్‌బాల్‌కు రాసిచ్చి, గేటు మీద తులసీదాస్ బలరామ్ పేరు, ఆ పేరు పక్కన అమ్ముగూడ అని రాయాలి.