ఒత్తిడి జన్యువులు, కుంగుబాటులో ఆలోచన: తార్నాక పరిశోధనల చరిత్ర

ఒత్తిడికి శరీరం ఎలా స్పందించాలో నిర్ణయించే జన్యువులను వాడుకలో ఒత్తిడి జన్యువులు అంటారు. డిప్రెషన్ అని అందరూ పిలిచే కుంగుబాటులో దిగులు ఒక్కటే ఉండదు. జ్ఞాపకం మందగిస్తుంది, ఏకాగ్రత నిలవదు, చిన్న నిర్ణయం కూడా భారమవుతుంది, జరిగిన చెడునే మనసు పదేపదే తలపోస్తుంది. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో సుమారు 20 మంది పెద్దల్లో ఒకరు జీవితంలో ఏదో ఒక దశలో దీని బారిన పడుతున్నారు. దీని జన్యు మూలాలను హైదరాబాదులో వెదికిన సంస్థల్లో తార్నాక, హబ్సిగూడల్లో దాదాపు ఎదురెదురుగా ఉన్న ఐఐసీటీ (భారత రసాయన సాంకేతిక సంస్థ), సీసీఎంబీ (కణ, అణుజీవశాస్త్ర కేంద్రం) ముఖ్యమైనవి.

ఈ ప్రాంతం సైన్సుకు నెలవు కావడం ఒక్కరోజులో జరగలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. నిజాం ప్రభుత్వం 1944లో నెలకొల్పిన కేంద్ర ప్రయోగశాలలు 1956లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) కిందికి వచ్చి రీజినల్ రీసెర్చ్ లేబరేటరీ (ఆర్ఆర్ఎల్) అయ్యాయి. 1958లో కూనూరు నుంచి పోషకాహార పరిశోధన సంస్థ ఉస్మానియా పక్కకు తరలివచ్చింది. 1977లో ఆర్ఆర్ఎల్ జీవరసాయన విభాగమే పుష్పమిత్ర భార్గవ సారథ్యంలో సీసీఎంబీగా వేరుపడింది. ఆర్ఆర్ఎల్ పేరు 1989లో ఐఐసీటీగా మారింది. మందుల రసాయనశాస్త్రం, అణుజీవశాస్త్రం ఇలా ఇరుగుపొరుగున ఎదగడం తర్వాతి మెదడు పరిశోధనలకు బాగా కలిసొచ్చింది.

ఒత్తిడి అన్న భావనను 1936లో హాన్స్ సెల్యే వైద్యశాస్త్రంలోకి తెచ్చాడు. ఎలుకల్లో ఒత్తిడి హార్మోను హిప్పోక్యాంపస్‌లో చేరి నిలుస్తుందని 1968లో బ్రూస్ మెక్‌యూవెన్ బృందం చూపింది. కొత్త జ్ఞాపకాలు రూపుదిద్దుకునే చోటు అదే. ఒత్తిడికీ ఆలోచనకూ ముడి అక్కడే పడింది. మామూలుగా మనిషిలో ఒత్తిడి హార్మోను అయిన కార్టిసాల్ పెరిగితే మెదడులోని గ్రాహకాలు దాన్ని గుర్తించి, ఇక చాలన్న సంకేతం పంపుతాయి. ఆ సంకేతం బలహీనపడితే హార్మోను ఎక్కువసేపు నిలిచి, హిప్పోక్యాంపస్‌లో, నుదుటి వెనకున్న మెదడు భాగంలో నాడీకణాల కొమ్మలను కుదిస్తుంది. జ్ఞాపకం, నిర్ణయం దెబ్బతినేది అందుకే.

తప్పు ఏ జన్యువులో ఉందన్న వెదుకులాట మొదట దారి తప్పింది. సెరోటోనిన్‌ను కణంలోకి తిరిగి చేర్చే జన్యువులో ఒక రూపం ఉన్నవారు కష్టాలొస్తే త్వరగా కుంగిపోతారని 2003లో న్యూజిలాండ్‌లోని డునెడిన్ వాసులపై జరిగిన అధ్యయనం చెప్పింది. దానికి విపరీతమైన ప్రచారం వచ్చింది. 2009లో 14 అధ్యయనాలను కలిపి చూస్తే ఆ సంబంధం నిలవలేదు. 2019లో మరింత పెద్ద పరిశీలన అలాంటి పేరున్న 18 జన్యువులకూ ఆధారం లేదని తేల్చింది. నా జన్యువే ఇంత అని ఎవరైనా నిస్పృహ చెందితే దానికి సైన్సులో ఆధారం లేదని గట్టిగా చెప్పాలి.

అసలు సంగతి జన్యువు ఎప్పుడు, ఎంత పనిచేస్తుందన్న దానిలో ఉంది. ఎఫ్‌కేబీపీ5 జన్యువు తయారుచేసే ప్రోటీను కార్టిసాల్ గ్రాహకం చురుకును తగ్గిస్తుంది. ఈ జన్యువులో ఒక రూపం ఉండి, బాల్యంలో హింసకు గురైనవారిలో డీఎన్ఏపై జన్యువు పనిని సాధారణంగా అణచే మిథైల్ గుర్తులు తొలగి, ఒత్తిడి కలిగినప్పుడు ఆ జన్యువు మరీ ఎక్కువగా పనిచేస్తుందని 2013లో జర్మనీలోని మ్యూనిక్ బృందం తెలిపింది. అంతకుముందే, 2004లో, తల్లి నాకి సాకిన ఎలుక పిల్లల్లో ఒత్తిడి హార్మోను గ్రాహక జన్యువుపై మిథైల్ గుర్తులు తక్కువని మాంట్రియల్ శాస్త్రవేత్తలు చూపారు. ఆ గుర్తులను మందుతో మార్చగలగడం ఆ పరిశోధనలో అన్నిటికన్నా ఆశ కలిగించిన విషయం.

తార్నాక పరిశోధన ఈ దారిలోనిదే. ఐఐసీటీలో సుమనా చక్రవర్తి, సీసీఎంబీలో అరవింద్ కుమార్, సహచరులు 2013లో జీబ్రా చేపలను ముందుగా ఊహించలేని ఒత్తిళ్లకు వరసగా గురిచేశారు. ఈ చేపలో ఒత్తిడి హార్మోను మనిషిలో లాగే కార్టిసాల్. ఎలుకల్లో అది వేరు. ఆ చేపల్లో ఆందోళన లక్షణాలు కనిపించాయి. ఒత్తిడి స్పందనను మొదలుపెట్టే సీఆర్ఎఫ్, జ్ఞాపకాలు నిలవడానికి తోడ్పడే క్రెబ్ ప్రోటీను తీరు మారాయి. మెదడు ప్రోటీన్ల పట్టికలో వచ్చిన మార్పులు కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా లోపాన్ని సూచించాయి. ఆలోచించడానికే ఓపిక లేదని రోగులు చెప్పే మాట విన్నవారికి ఈ ఫలితం తప్పక ఆసక్తి కలిగిస్తుంది.

2017లో ఇదే జంట సహచరులతో కలిసి చిట్టెలుకల వైపు మళ్లింది. డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ల నుంచి మిథైల్ గుర్తులను తీసేసే కేడీఎం4 ఎంజైముల కుటుంబానికి, మెదడులోని ఆనంద వలయంలో, కుంగుబాటు పుట్టుకలో ముఖ్య పాత్ర ఉందని వారు ప్రచురించారు. మంచి జరుగుతుందని ఎదురుచూసే శక్తి ఈ వలయానిదే. అది మందగిస్తే ప్రయత్నం వృథా అన్న తలపు బలపడుతుంది. అయితే ఎలుక తన్ను తాను నిందించుకుంటోందో లేదో ఏ పరీక్షా చెప్పలేదు. మనిషి ఆలోచనను మనుషుల్లోనే చూడాలి.

ఇక్కడే తెలుగువారి లోటు కనిపిస్తుంది. కుంగుబాటుతో ముడిపడిన 102 జన్యు తేడాలను 2019లో గుర్తించిన అధ్యయనం ఎనిమిది లక్షల మందికి పైగా ఐరోపా సంతతివారిది. భారతీయ సమూహాలు ఎన్నో తరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయని 2009లో సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్‌లు హార్వర్డ్ శాస్త్రవేత్తలతో కలిసి వెల్లడించారు. శస్త్రచికిత్సలో ఇచ్చే ఒక కండరాల సడలింపు మందు వైశ్యుల్లో కొందరికి చాలాసేపు పనిచేయడం అలాంటి జన్యు వారసత్వం ఫలితమే. అందుకే ఐరోపావారి లెక్కలను ఇక్కడి రోగికి నేరుగా అన్వయించడం సరికాదు. ఒత్తిడి జన్యువుల నియంత్రణనూ, దానితోపాటు జ్ఞాపకం, ఏకాగ్రతలనూ తెలుగు రోగుల్లోనే కొన్నేళ్లపాటు కలిపి కొలిచే పని జరగాలి.