'గాలించు' కథ: వంటింటి చట్టి నుంచి గని యంత్రం దాకా

చెన్నై ఉత్తర భాగంలోని వ్యాసర్పాడిలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. ఆ ఇళ్ళ పిల్లలు బడిలో తమిళమో, ఇంగ్లీషో చదువుతారు. తెలుగు చాలావరకు ఇంటి గడప లోపలి భాషగానే నిలిచింది. "మాది వంటింటి తెలుగండీ, చదువుకు పనికిరాదు" అని అటువంటి విద్యార్థులు చిన్నబుచ్చుకోవడం మేము తరచు వింటూ ఉంటాము. ఆ మాట ఎంతవరకు నిజమో ఒక్క క్రియాపదాన్ని పట్టుకొని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ పదం 'గాలించు'.

నేడు వార్తాపత్రికల్లో పోలీసులు దొంగల కోసం గాలిస్తారు. కాని ఇంట్లో గాలించేది బియ్యాన్ని. గిన్నెలో బియ్యం, నీళ్ళు పోసి, వాలుగా పట్టి ఆడిస్తూ, నీటితోపాటు బియ్యాన్ని కొద్దికొద్దిగా మరో గిన్నెలోకి జారవిడుస్తారు. రాళ్ళు అడుగున మిగులుతాయి. తమిళుల ఇళ్ళలో ఇందుకోసం లోపల గాడులు తీసిన 'అరిక్కన్ చట్టి' అనే మట్టిపాత్ర ఉండేది. రాయి గాడిలో చిక్కుకుంటుంది, బియ్యం దాని మీదుగా దాటిపోతుంది.

చేటతో చెరగడం ఉండగా నీళ్ళెందుకు? లెక్క వేసి చూస్తే కారణం తెలుస్తుంది. నీటితో పోల్చితే బియ్యపు గింజ సుమారు 1.45 రెట్లు, రాయి 2.65 రెట్లు బరువు. గాలిలో రాయి గింజకంటె సుమారు 1.8 రెట్లే బరువు. నీటిలో మునిగిన వస్తువు తన పరిమాణమంత నీటి బరువును కోల్పోతుంది కనుక రెండు అంకెలనుంచీ ఒకటి తీసివేయాలి. అప్పుడు మిగిలేవి 0.45, 1.65. తేడా సుమారు 3.7 రెట్లకు పెరిగింది. ఖనిజ ఇంజనీర్లు ఒక ముడిఖనిజాన్ని బరువు తేడాతో వేరుచేయడం సాధ్యమా కాదా అని నిర్ణయించడానికి మొదట వేసే లెక్క ఇదే. ఫలితం 2.5 దాటితే పని సులువంటారు. ఈ విద్యకు శాస్త్రగ్రంథాల్లో పేరు గురుత్వ పృథక్కరణం. మన ఇళ్ళలో పేరు గాలింపు.

ఈ విద్య వంటింటిని దాటి తెలుగుదేశపు గనుల్లో ఎలా నడిచిందో చెప్పే సాక్ష్యం ఒకటున్నది. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దంలో కృష్ణాతీరాన ఉన్న కొల్లూరు వజ్రాల గనిని చూశాడు. అతని యాత్రాగ్రంథం 1676లో వెలువడింది. మగవారు తవ్వితే ఆడవారూ పిల్లలూ మట్టిని మోసేవారు. పొట్టి గోడలు కట్టిన ఆవరణలో ఆ మట్టిని పోసి నీళ్ళతో నానబెట్టి, ఒకటి రెండు రోజుల తర్వాత గోడ అడుగున రంధ్రాలు తెరిచి బురదను వదిలేవారు. మిగిలిన ఇసుకను ఎండబెట్టి, చేటలవంటి బుట్టలతో ధాన్యాన్ని చెరిగినట్టే చెరిగేవారు. తర్వాత పరచి, కొయ్య రోకళ్ళతో దంచి, మళ్ళీ చెరిగి, చివరకు అందరూ వరుసగా కూర్చొని వజ్రాల కోసం చేతులతో వెదికేవారు.

చివరకు చేతులే ఎందుకు కావలసి వచ్చాయి? వజ్రం 3.5 రెట్లు, మామూలు రాయి 2.65 రెట్లు. నీటిలో కూడా తేడా ఒకటిన్నర రెట్లే. ఆ పనివారు నీటిచేత, గాలిచేత చేయించదగినంత చేయించి, వాటికి చేతకానిది మాత్రమే కంటికి, వేళ్ళకు మిగిల్చారు. అక్కడ దొరికిన వజ్రాలకు చరిత్రలో పేర్లున్నాయి. చెరిగిన చేతులకు లేవు. ఆ గని చోటు నేడు పులిచింతల జలాశయం నీటి కింద ఉన్నది.

బంగారం సంగతి వేరు. దాని అంకె 19.3 కనుక నీటిలో తేడా 11 రెట్లు. ఇసుకలోని పసిడి రజను కడిగి తీయడమే జీవికగా బతికినవారు రాయలసీమలో ఉండేవారు. వారి పేరు 'జలగడుగు'. జలంతో కడిగేవారని అర్థం. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణభారత కులాల గ్రంథంలో ఈ పేరును కర్నూలు జిల్లా మాన్యువల్ నుంచి స్వీకరించాడు. 1886 నాటి ఆ మాన్యువల్ కర్త నరహరి గోపాలకృష్ణమ చెట్టి, 1872లో 'శ్రీరంగరాజ చరిత్రము' రాసిన నవలాకారుడే. అంటే థర్‌స్టన్ కంటె ముందే ఒక తెలుగు రచయిత ఆ వృత్తినామాన్ని నమోదు చేశాడు.

ఇక యంత్రాలు. 1890లలో అమెరికాలోని కొలరాడోలో ఆర్థర్ విల్‌ఫ్లీ రూపొందించిన ఊగే బల్ల మీద సన్నని పట్టీలుంటాయి. వాటి సందుల్లో బరువైన రేణువులు చిక్కుకుంటాయి. అరిక్కన్ చట్టి గాడులు చేసే పని అదే. 1940లలో వచ్చిన హంఫ్రీస్ స్పైరల్ మరింత పొదుపైనది. మెలికలు తిరుగుతూ దిగే తొట్టి అది. దానిలో కదిలే భాగమే లేదు. ఇసుకనీటిని పైకి తోడే పంపుకే విద్యుత్తు కావాలి. తెలుగువారు కూడా నివసించే ఒడిశాలోని గంజాం తీరంలో, ఛత్రపురం వద్ద, సముద్రపు ఇసుకనుంచి ఇల్మనైటు వంటి బరువైన ఖనిజాలను తీసే కర్మాగారంలో ఇటువంటి స్పైరళ్ళు వాడారు. మరీ సన్నని రేణువులు నీటిలో తేలిపోతాయి కనుక వాటికి వేగంగా తిరిగే గిన్నెలు వచ్చాయి. కెనడాకు చెందిన నెల్సన్ యంత్రం గురుత్వాన్ని సుమారు 60 రెట్లు చేస్తుంది. అందుకే చిన్న యంత్రం పెద్ద పని చేయగలుగుతున్నది.

ముడిఖనిజాన్ని శుద్ధిచేసే కర్మాగారాల్లో అత్యధిక విద్యుత్తు ఖర్చయ్యేది రాతిని పిండి చేయడానికి. బరువైన రేణువులను ముందే వేరుచేస్తే ఆ మేరకు విసరవలసింది తగ్గుతుంది. మన ఇళ్ళలో రాళ్ళు తీశాకే కదా బియ్యం విసురుతారు! ప్రపంచంలో చిన్నస్థాయి బంగారు గనుల వారు పాదరసం వాడి నీటినీ, తమ ఒంటినీ విషం చేసుకుంటున్నారు. ఆ వాడకాన్ని తగ్గించాలని 2013లో మినమాటా ఒప్పందం కుదిరింది. తక్కువ ఖర్చులో దొరికే గాలింపు యంత్రం వారికి ప్రాణరక్షణ సాధనం.

అయితే పాతదంతా మేలని మేము అనడం లేదు. కొల్లూరులో విద్యుత్తు ఖర్చు కాలేదు కాని, ఆ పొదుపు భారం ఆడవారి, పిల్లల నెత్తిమీద పడింది. నీటికీ బరువుకూ ఉన్న సహజశక్తిని వాడుకుంటూ, మనిషి నెత్తిమీది తట్టను దించగలిగిన యంత్రమే మంచి యంత్రం.

గాలించు, చెరుగు, జల్లించు, తూర్పారబట్టు – ఇవి నాలుగూ ఒకటి కావు. మొదటిది నీటితో, రెండవది చేటతో, మూడవది జల్లెడతో, నాలుగవది కళ్ళంలో వీచే గాలితో చేసే పని. నాలుగు పద్ధతులకు నాలుగు పేర్లు పెట్టుకున్న భాష శాస్త్రానికి పనికిరాదనడం న్యాయం కాదు. వ్యాసర్పాడి విద్యార్థులు, వారివలె తెలుగు నేలకు దూరంగా పెరిగిన ఇతరులు, తమ ఇంటి పెద్దలు ఇటువంటి పనులకు వాడే మాటలను అడిగి రాసిపెట్టుకోవాలని మా కోరిక. రాళ్ళు లేని బియ్యం సంచుల్లో వస్తున్న ఈ రోజుల్లో ఆ పనితోపాటు ఆ మాటలూ మరుగున పడుతున్నాయి.