ప్రాజెక్టు అయిపోయాక మిగిలేదేమిటి? మన సాంస్కృతిక రికార్డులు దాచుకోవడం ఎలా

రుషికొండ తీరంలో ఉత్సవం అంటే వేదిక లేస్తుంది, తప్పెటగుళ్లు ఆడతారు, డప్పు మోగుతుంది, నాలుగో రోజుకి వేదిక ఊడదీస్తారు. అదే బీచ్ రోడ్డులో భీమిలి వైపు వెళ్తే తొట్లకొండ వస్తుంది. 1988-93 మధ్య పురావస్తు శాఖ అక్కడ తవ్వితే స్తూపాలు, విహారాలు, బ్రాహ్మీ శాసనాలు, శాతవాహనుల నాణేలు, రోమన్ నాణేలు బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధుల జాడ రాతి మీద నిలిచింది. మన అంబేడ్కర్ జయంతి కళాజాతల జాడ రెండేళ్లకే చెరిగిపోతోంది.

కళాజాత, వీధి నాటక శిబిరం, పెద్దల మౌఖిక చరిత్ర సేకరణ, ఫెలోషిప్ డాక్యుమెంటరీ, ఫోటో ప్రదర్శన. వీటన్నిటికీ ఆరు నెలలకో ఏడాదికో డబ్బు వస్తుంది. గడువు తీరాక జట్టు చెదిరిపోతుంది. హార్డ్ డిస్క్ ఒకరి బీరువాలో, కరపత్రాలు ఇంకొకరి అటక మీద, ఫేస్‌బుక్ పేజీ పాస్‌వర్డ్ ఎక్కడికో బదిలీ అయిన మిత్రుడి దగ్గర ఉండిపోతాయి. వెబ్‌సైట్‌కి ఏటా కట్టాల్సిన డబ్బు ఎవరూ కట్టరు. రికార్డులు పాతబడి పోవడం లేదు. వాటికి బాధ్యులంటూ ఎవరూ లేక పోతున్నాయి.

మనకే ఎందుకు ఇంత అవసరం?

ప్రభుత్వ కాగితాల్లో దళితులు ఎక్కువగా కనిపించేది కుల ధృవీకరణ పత్రాల్లో, లబ్ధిదారుల జాబితాల్లో, ఎఫ్ఐఆర్‌లలో. కారంచేడు (1985 జూలై 17), చుండూరు (1991 ఆగస్టు 6), లక్ష్మీపేట (2012 జూన్ 12) ఘటనలకు కేసు ఫైళ్లున్నాయి. కానీ ఆ ఫైళ్ల కథ తీర్పు తీర్పుకీ మారుతుంది. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. ఆ రోజుల్లో శిబిరాల్లో కట్టిన పాట, పంచిన కరపత్రం, గోడ మీద రాసిన నినాదం మన వైపు సాక్ష్యం. దాన్ని దాచాల్సింది మనమే.

ఏ కాగితం చరిత్ర అవుతుందో ఆ రోజు ఎవరికీ తెలియదు. 1970 ఫిబ్రవరిలో విశాఖలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభల్లో విద్యార్థులు రచయితలను నిలదీస్తూ ఒక కరపత్రం పంచారు. ఆ జూలై 4న విప్లవ రచయితల సంఘం పుట్టింది. నెల్లూరు జిల్లా అక్షరాస్యతా కార్యక్రమం వాచకంలో ఉన్న సీతమ్మ కథ 1992 సారా వ్యతిరేక ఉద్యమానికి ఊపిరి పోసింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. పంచేటప్పుడు ఒకటి మామూలు కరపత్రం, రెండోది వయోజనుల పాఠం.

స్త్రీశక్తి సంఘటన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు రికార్డు చేసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చు వేసింది. ఆ సంఘటన ఎక్కువ కాలం నడవలేదు. పుస్తకం మాత్రం ఇప్పటికీ విద్యార్థుల చేతుల్లో ఉంది.

ఎక్కడ పెట్టినా ప్రమాదమే

2000 ఆగస్టు వరదల్లో హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో విలువైన గ్రంథాలు తడిసిపోయాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను ఊడ్చేసింది. ఈ తీరంలో ఉప్పుగాలి, తేమ మామూలు రోజుల్లోనూ కాగితాన్నీ క్యాసెట్‌నీ తింటూనే ఉంటాయి.

డిజిటల్ చేసేస్తే సరిపోతుందా? 1086 నాటి డూమ్స్‌డే సర్వేకి 900 ఏళ్లయిన సందర్భంగా బీబీసీ 1986లో లక్షల మంది చేత కొత్త సర్వే చేయించి లేజర్ డిస్కుల్లో పెట్టింది. సుమారు 15 ఏళ్లకే ఆ డిస్కులు చదివే యంత్రాలు దొరకడం కష్టమైంది. తోలు మీద రాసిన పాత ప్రతిని ఇప్పటికీ చదవొచ్చు. 2020 జూన్ 29న టిక్‌టాక్ నిషేధంతో పల్లె కళాకారుల వీడియోలెన్నో ఒక్క రాత్రిలో అందకుండా పోయాయి. దళిత్ కెమెరా లాంటి ప్రయత్నాలకు యూట్యూబ్ గొంతునిచ్చింది, నిజమే. అయితే యూట్యూబ్ చూపించే చోటు, దాచే చోటు కాదు.

ఏం చేయాలి?

*మొదటి రోజే బాధ్యత.* కమిటీలో కోశాధికారి ఉన్నట్టే రికార్డుల బాధ్యులు ఒకరు ఉండాలి. బడ్జెట్‌లో రెండు హార్డ్ డిస్కులు, స్కానింగ్ ఖర్చు ముందే రాయాలి. చివర్లో చూద్దామంటే చివర్లో డబ్బుండదు.

*ఏరుకోవాలి.* నాలుగు వేల ఫోన్ ఫోటోల్లో వంద చాలు. కానీ పాటల చిత్తుప్రతులు, మీటింగ్ మినిట్స్, జమాఖర్చులు, అనుమతి కోసం పోలీసులకు పెట్టుకున్న దరఖాస్తులు పారేయకండి. కార్యక్రమం నిజంగా ఎలా జరిగిందో చెప్పేవి అవే.

*పేరు పెట్టాలి.* ‘వీడియో ఫైనల్ 2’ అనే ఫైలు పదేళ్ల తర్వాత ఎవరికీ పనికిరాదు. తేదీ, ఊరు, కార్యక్రమం, వరుస సంఖ్య ఫైలు పేరులోనే ఉండాలి. పాడినవారు, పాట కట్టినవారు, వాయిద్యం, ఫోటో తీసినవారు ఎవరో ఒక పట్టికలో రాయాలి. ‘జానపద కళాకారులు’ అని రాస్తే ఒక మనిషిని చరిత్రలోంచి తీసేసినట్టే.

*రూపం మార్చాలి.* పాత కరపత్రాలు, పత్రికలు చాలావరకు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అవి పిచ్చిగీతలు. యూనికోడ్‌లోకి మార్చి, పీడీఎఫ్/ఏగా కూడా ఉంచాలి. ధ్వనికి వేవ్ ఫైలు మేలు. వాట్సాప్‌లో వచ్చిన వీడియో కాకుండా కెమెరాలోని అసలు ఫైలు దాచాలి.

*మూడు ప్రతులు.* రెండు వేర్వేరు సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో. మూడూ విశాఖలోనే ఉంటే ఒక్క తుఫాను చాలు. ఏడాదికోసారి తెరిచి చూడాలి. డిస్క్ పాడయ్యేదాకా ఆగకుండా కొత్తదానిలోకి మార్చుకోవాలి.

*అనుమతి, రక్షణ.* రికార్డు చేసే ముందు ఆ మనిషికి అర్థమయ్యే తెలుగులో చెప్పి ఒప్పుదల తీసుకోవాలి, తర్వాత వెనక్కి తీసుకునే హక్కు ఉంచాలి. కాపీరైట్ చట్టం ప్రకారం ప్రదర్శనకారుల హక్కులు 50 ఏళ్లు ఉంటాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015 సవరణతో చేరిన 15ఏ సెక్షన్ బాధితులకు, సాక్షులకు రక్షణ హక్కులిచ్చింది. మన రికార్డు ఆ రక్షణకు గండి కొట్టకూడదు. అందుకే అందరికీ తెరిచేవి, పరిశోధకులకు మాత్రమే ఇచ్చేవి, కొన్నేళ్ల తర్వాత తెరిచేవి, పేటలోనే ఉండేవి అని ముందే విడదీయాలి.

*ఎవరికి అప్పగించాలి?* విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం లాంటి సంస్థలతో మాట్లాడొచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బహిరంగ ప్రతి పెట్టొచ్చు. సంస్థకు ఇస్తే ఒప్పందం కాగితం మీద ఉండాలి: యాజమాన్యం ఎవరిది, ఎవరు చూడొచ్చు, సంస్థ మూతపడితే ఎవరికి చేరాలి. ఎవరికిచ్చినా ఒక ప్రతి పేటలోనే ఉండాలి. ఆ పాట పాడిన తల్లి మనవరాలు దాన్ని వినడానికి యూనివర్సిటీ ఐడీ కార్డు అడిగితే అది మన ఆర్కైవ్ కాదు.

విశాఖలో 1,500 కోట్ల డాలర్ల డేటా కేంద్రం పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. యంత్రాలు ఎంత పెద్దవైనా మనం రికార్డు చేయని పాట, పేరు రాయని డప్పు కళాకారుడు వాటిలో ఉండరు. వచ్చే ఏప్రిల్ 14 కోసం కమిటీ వేసేటప్పుడు జాబితాలో ఒక పేరు అదనంగా చేర్చండి. ఆ పేరు పక్కన ‘రికార్డుల బాధ్యత’ అని రాయండి.